విప్పి చూసి నేర్చుకున్న జి.డి. నాయుడు గారు



సైన్స్ ప్రాజెక్టు కోసం మన హాస్టల్‌లో పాత రేడియో విప్పిన సంగతి మీ అందరికీ తెలిసిందే. విప్పింది నేనే. ఆ రేడియో మా తాతయ్యది. మా ఊరు హంసలదీవి. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు కాబట్టి అక్కడి ఉప్పుగాలికి ఏ ఇనుప వస్తువూ ఎక్కువ కాలం నిలవదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన గురించి వింటూ పెరిగిన వాళ్లం మేము. మా ఇళ్లలో రేడియో అంటే పాటల పెట్టె మాత్రమే కాదు, తుఫాను కబురు చెప్పే పెట్టె కూడా. అది మూగబోతే లోపల ఏముందో చూద్దామని తెచ్చి విప్పాను. తిరిగి బిగించేసరికి రెండు స్క్రూలు, ఒక చిన్న తీగ మిగిలిపోయాయి. రేడియో మాత్రం పలకలేదు. చీవాట్లు బాగానే తిన్నాను. మా సైన్స్ మాస్టారు ఒక్కరే కోప్పడకుండా నన్ను కూర్చోబెట్టి జి.డి. నాయుడు గారి కథ చెప్పారు. అది మీకూ చెబుదామని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఆయన పూర్తి పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో జన్మించారు. వందల ఏళ్ల క్రితమే తమిళదేశం వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ ప్రాంతంలో చాలా ఉన్నాయి. వారిదీ అలాంటి రైతు కుటుంబమే. చిన్ననాట ఆయనకు బడి అంటే గిట్టేది కాదు. మూడో తరగతితో చదువు ఆగిపోయింది. ఈ మాట చదివి ఎవరూ పుస్తకాలు అటకెక్కించకండి. ఆయనకు వెనక తండ్రి పొలం ఉంది. మనకు లేదు.

ఇరవై ఏళ్లు కూడా నిండకముందే ఒకరోజు ఆయన ఒక ఇంగ్లీషు అధికారి మోటారు సైకిల్‌పై రావడం చూశారు. ఎద్దుబండి తప్ప మరో బండి ఎరగని పల్లె అది. ఎద్దు లేకుండా, తొక్కకుండా బండి ఎలా పరుగెడుతోంది? ఈ ప్రశ్న ఆయనను నిద్రపోనివ్వలేదు. ఇల్లు వదిలి కోయంబత్తూరు చేరి ఒక హోటల్‌లో సర్వర్‌గా చేరారు. బల్లలు తుడిచి, ఎంగిలి ప్లేట్లు ఎత్తి పైసా పైసా కూడబెట్టారు. చివరికి ఆ డబ్బుతో ఒక మోటారు సైకిల్ కొన్నారు. అది ఇంగ్లండులో తయారైన రడ్జ్ కంపెనీ బండి.

మనమైతే ఏం చేస్తాం? ఊరంతా తిరిగి నలుగురికీ చూపిస్తాం. ఆయన దాన్ని విప్పేశారు. ఏ భాగానికి ఆ భాగం ఊడదీసి, ఏది దేన్ని కదిలిస్తోందో గమనించి, మళ్లీ బిగించారు. బండి నడిచింది. చెప్పేవారు లేరు, బొమ్మల పుస్తకం లేదు. నాకు మాస్టారి కథలో అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది ఇదే. తిరిగి బిగించలేకపోతే అన్నాళ్ల ఎంగిలి ప్లేట్ల కష్టం ఇనుప ముక్కల కుప్పగా మిగిలేది. డబ్బున్నవాడు వస్తువు విప్పడం వేరు, కూలి డబ్బుతో కొన్నది విప్పడం వేరు. ఆ తర్వాత ఆయన మెకానిక్ అయ్యారు.

తరువాత తిరుప్పూరులో పత్తి వ్యాపారం చేసి బాగా సంపాదించారు. బొంబాయి పత్తి బజారులో ఆ సొమ్మంతా పోగొట్టుకున్నారు. 1920లో ఒక బస్సు కొని పొల్లాచి, పళని ఊళ్ల మధ్య స్వయంగా నడిపారు. ఆ ఒక్క బస్సే పెరిగి పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థ అయింది.

ఇక ఎలక్ట్రికల్ వస్తువుల విషయానికి వద్దాం. ఆ రోజుల్లో మోటారైనా, రేడియో అయినా విదేశాల నుంచి రావలసిందే. 1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి ఆయన కోయంబత్తూరులోని పీలమేడులో ఎలక్ట్రిక్ మోటారు తయారు చేయించారు. మన దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారు అదేనని చెబుతారు. తరువాత కోయంబత్తూరు మోటార్లకు, పంపులకు పేరుపడింది. మన చేలకు నీళ్లు తోడే మోటార్ల మీద ఆ ఊరి పేరు కనిపిస్తే ఈసారి గమనించండి. బ్యాటరీ సెల్లులతో నడిచే గడ్డం గీసుకునే రేజరు, పలుచని బ్లేడ్లు, పండ్లరసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, మోసానికి వీలులేని ఓటు యంత్రం కూడా ఆయన చేసినవే. అన్నీ ఇంట్లో, వీధిలో వాడే వస్తువులే.

1941లో ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారు చేయగలనని ఆయన ప్రకటించారు. వాల్వు అంటే చిన్న బల్బులాంటి గాజు గొట్టం. ట్రాన్సిస్టర్ 1947లో గాని పుట్టలేదు కాబట్టి అప్పటి రేడియోలన్నీ వాల్వులవే. మామూలుగా ఐదు వాల్వుల సెట్టులో మొదటి వాల్వు వచ్చిన తరంగాన్ని ఒక స్థిరమైన పౌనఃపున్యానికి మారుస్తుంది. రెండవది దాన్ని పెంచుతుంది. మూడవది అందులోంచి మాటను వేరు చేస్తుంది. నాలుగవది స్పీకరు పలికేంత బలం ఇస్తుంది. ఐదవది ఇంటి కరెంటును డి.సి.గా మారుస్తుంది. మా తాతయ్య రేడియోలోనూ జరిగేది ఇదే. కాకపోతే వాల్వుల బదులు ట్రాన్సిస్టర్లు ఉంటాయి. సెల్లులు ఇచ్చేది డి.సి. కరెంటే కాబట్టి ఐదో పని అవసరం లేదు. ఇది అర్థమయ్యాకే ఆ చిన్న పెట్టెలోని చిక్కుముడి నాకు విడిపోయింది.

కొందరు ఆయనను భారతదేశపు ఎడిసన్ అంటారు. నాకు ఆ బిరుదు అంతగా నచ్చదు. ఆయన గొప్పతనం లేనిదాన్ని కనిపెట్టడంలో కంటే, ఉన్నదాన్ని పేదవాడు కొనగలిగేలా చేయాలని చూడడంలోనే ఎక్కువగా ఉందని నా అభిప్రాయం.

మూడో తరగతి చదివిన ఈయనే 1945లో ఇంజనీరింగ్ విద్య కోసం ధనం ఇచ్చి సంస్థ పెట్టించారు, దానికి ప్రిన్సిపాల్‌గానూ పనిచేశారు. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు దానికి పెట్టారు. నాలుగేళ్ల కోర్సు కాలం వృథా, పని చేస్తూ నేర్చుకుంటే రెండేళ్లు చాలన్నది ఆయన వాదన. బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన పదవి వదిలేశారు. ఆ కళాశాలే తరువాత ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయింది. కోయంబత్తూరులో హోప్స్ అనే బస్సు స్టాపు పేరు ఆనాటి నుంచి వచ్చిందే. రెండేళ్లలో ఇంజనీరు కావచ్చో కాదో నాకు తెలియదు గాని, ల్యాబులో వస్తువు ముట్టుకోకుండా రికార్డు రాసే మనకు ఆయన కోపం అర్థమవుతుంది.

1952లో 2,000 రూపాయల ఖరీదుకు ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారు చేశారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. కారు అక్కడితో ఆగిపోయింది. 1974 జనవరి 4న ఆయన కన్నుమూశారు. 2025 అక్టోబరులో కోయంబత్తూరు అవినాశి రోడ్డుపై ప్రారంభించిన సుమారు 10 కిలోమీటర్ల ఫ్లైఓవర్‌కు ఆయన పేరే పెట్టారు.

మా రేడియో సంగతి చెప్పాలి కదా. మాస్టారు దాన్ని మళ్లీ విప్పించారు. ఈసారి ఒక్కొక్క స్క్రూ తీసే ముందు కాగితంపై బొమ్మ గీసి, ఎక్కడిది అక్కడ అంకె వేశాం. అసలు జబ్బు సెల్లుల దగ్గర స్ప్రింగుకు పట్టిన చిలుము. గరుకు కాగితంతో రుద్దితే పోయింది. మిగిలిపోయిన తీగ స్పీకరుది, నేను తెంపిందే. అవనిగడ్డలో టంకం వేయించి బిగించాం. సాయంత్రానికి విజయవాడ కేంద్రం పలికింది.

వచ్చే ఏడాది కూడా ఈ ప్రాజెక్టు ఉంటుంది. సెలవుల నుంచి వచ్చేటప్పుడు ఇంట్లో పనిచేయని టార్చిలైటు, గోడగడియారం, సెల్లుల రేడియో ఏదైనా ఉంటే తీసుకురండి. పాత పెట్టె టీవీలు మాత్రం వద్దు. ప్లగ్గు తీసేసినా వాటిలో కరెంటు చాలాసేపు నిలిచి ఉంటుంది, ముట్టుకుంటే ప్రాణానికే ప్రమాదం.