పొగమంచుతో పోరాడిన క్లోద్ షప్

యుద్ధవార్త గుర్రపురౌతుకన్న ముందుగా చేరవలెనని తపించిన ఫ్రెంచివాడు క్లోద్ షప్. 1763లో బ్రూలాన్ గ్రామమున జన్మించి, మతాచార్యవృత్తిని చేపట్టినాడు. విప్లవము ఆ జీవికను హరింపగా, సోదరులతో కలిసి సంకేతయంత్రములను నిర్మించినాడు. ఒక గోపురముపై కదలు కొయ్యచేతుల భంగిమలను తరువాతి గోపురమువారు దూరదర్శినితో చూచి, వానినే మరల చూపెడివారు. ఫ్రాన్సును శత్రువులు చుట్టుముట్టిన కాలమది. 1794లో కొండే కోట తిరిగి స్వాధీనమైన వార్త లీల్–పారిస్ మార్గమున ఇట్లే రాజధానికి చేరినది.

అయినను చీకటియు, వానయు, పొగమంచును ఆ చూపును మూసివేసెడివి. ఈ కల్పన తమదేయని ఇతరులు వాదించిరి. వ్యాధిచేతను, అపవాదుచేతను కుంగిన షప్ 1805లో పారిస్‌లో తానే ప్రాణము విడిచినాడు. ఆయన గోపురములు మాత్రము అటుపిమ్మట నలువదేండ్లకు పైగా పనిచేసినవి.

నేటి సేనల సూక్ష్మతరంగ రేడియోకు చీకటి అడ్డు కాదు. కాని దానికిని కొండ అడ్డు రాకూడదు; హెచ్చు పౌనఃపున్యములందు కుండపోత వానకు అదియు నీరసించును. యంత్రము మారినది, దానిని పరీక్షించు ఆకాశము మారలేదు.