వానకు లెక్క కట్టిన గిల్బర్టు వాకరు

మృగశిర కార్తె ప్రవేశించినది మొదలు గుంతకల్లు ప్రాంతపు రైతు చూపు పడమటి దిక్కుననే నిలుచును. నైరుతి మేఘములు కనుమలమీదనే నీటిని గ్రుమ్మరించి, యీ పీఠభూమికి వట్టి గాలులై చేరుచుండును. 1876లో ఆరంభమైన ధాత కరువు ఈ సీమను ఎంతగా పీడించెనో వేరుగా చెప్పనక్కరలేదు. వానలు తప్పునని ముందుగా తెలియు నుపాయము కలదా? ఆ ప్రశ్నకు గణితముచే సమాధానము వెదకినవాడు గిల్బర్టు వాకరు.

ఈతడు 1868లో ఇంగ్లండునందలి రోచ్‌డేలున జన్మించి, 1889లో కేంబ్రిడ్జి గణితపరీక్షయందు ప్రథముడుగా నుత్తీర్ణుడయ్యెను. 1904లో భారత వాతావరణశాఖకు అధిపతి యగునప్పటికి ఆ శాస్త్రమున నాతనికి శిక్షణయే లేదు. అంతకు ముందటి యధిపతి 1899లో మంచి వానలు కురియునని సూచింపగా, ఆ యేడే ఘోర క్షామము సంభవించెను. అటుపిమ్మట కొన్ని యేండ్లు ప్రభుత్వము వర్షసూచనలను రహస్యముగా నుంచెను. ప్రాణములు పోవునది ప్రజలవి; సూచన మాత్రము కచేరీలలో!

వాకరు సిద్ధాంతముల జోలికి పోలేదు. హిమాలయములపై మంచు, మారిషస్, దక్షిణ అమెరికాలయందలి వాయుపీడనము, జాంజిబారు వాన, వీని పూర్వపు టంకెలను మన వర్షముల యంకెలతో ప్రక్కప్రక్కన నుంచి, ఏది దేనితో కలిసి హెచ్చుచు తగ్గుచున్నదో గుమాస్తాలచే చేతిలెక్కలు కట్టించెను. అయితే నూరు వరుసలను పోల్చినచో కొన్ని కేవలము కాకతాళీయముగా కుదురును. ఈ మోసమును గుర్తించి, నిజమైన సంబంధమును వేరుచేయు కొలతను 1914లో ప్రకటించుట యాతని ఘనత. గణితవిద్యార్థులకు ముందుగా నేర్పవలసిన దిదియే యని మా యభిప్రాయము. (1913లో రామానుజమునకు నెలకు 75 రూపాయల వేతనము లభించుటకు మద్రాసు విశ్వవిద్యాలయమునకు సిఫారసు వ్రాసినవా రలో నీతడొకడు.)

ఆ లెక్కలనుండియే పసిఫిక్ సముద్రముపై పీడనము హెచ్చినపుడు హిందూమహాసముద్రముపై తగ్గుననియు, తగ్గినపుడు హెచ్చుననియు తేలెను. కారణ మాతనికి తెలియలేదు. 1924లో ఉద్యోగము విడిచి స్వదేశమునకేగి, 1958లో మరణించెను. 1969లో బ్యెర్క్‌నెస్ పసిఫిక్ జలముల వేడితో దానిని ముడివెట్టి, ఆ గాలుల చక్రమునకు వాకరు పేరే పెట్టెను.

ఆతని సూత్రములలో కొన్ని కాలక్రమమున పట్టు తప్పినవి. అవి ద్వీపకల్పమంతటికి నొక్క సగటునే చెప్పినవి. ఆ సగటు సరిగా వచ్చిన యేటను, సెప్టెంబరు వానపై నాశపెట్టుకొన్న గుంతకల్లు చేనిలో చినుకు రాలకపోవచ్చును.