క్లాసుకెళ్లిన హెడ్మాస్టర్

రగ్బీ అనగానే మనకి ఆట గుర్తొస్తుంది. నాకు మాత్రం ఈ మధ్య ఒక హెడ్మాస్టర్ గుర్తొస్తున్నారు. ఆ ఆటకి పేరిచ్చిన ఇంగ్లండ్ స్కూలుని 1828 నుంచి 1842 దాకా నడిపిన థామస్ ఆర్నాల్డ్ ఆయన.

1795 జూన్ 13న వైట్ దీవిలో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు. తర్వాత లేలమ్ అనే ఊళ్లో కొంతమంది కుర్రాళ్లని ఇంట్లో పెట్టుకుని, యూనివర్సిటీ చదువుకి తయారుచేస్తూ ఏళ్లు గడిపారు. అక్కణ్నుంచే రగ్బీకి వచ్చారు.

అప్పటి హాస్టల్ బళ్లలో లాటిన్, గ్రీకు, బెత్తం ఉండేవి. క్లాసు అయ్యాక పెద్ద పిల్లలదే రాజ్యం. ఇప్పుడు మనం ర్యాగింగ్ అంటున్నది అక్కడ మామూలు విషయం. ఆర్నాల్డ్ ఆఫీసులో కూర్చుని సర్క్యులర్లు పంపలేదు. అన్నిటికన్నా పై తరగతి సిక్స్త్ ఫారమ్‌కి తనే పాఠం చెప్పారు. చిన్న పిల్లల్ని చూసుకునే బాధ్యత కూడా ఆ సిక్స్త్ ఫారమ్ వాళ్లకే ఇచ్చారు. అధికారం ఎవరి చేతిలో పెట్టాలో వాళ్ల ముందు రోజూ నిలబడి, వాళ్లని తయారుచెయ్యడం ఆయన పద్ధతి. నన్ను ఆకట్టుకున్నది ఇదే.

లెక్కలు, ఆధునిక చరిత్ర, ఫ్రెంచి రెగ్యులర్ చదువులో కలిపారు. మూడు వారాలకోసారి టీచర్లందరితో మీటింగ్ పెట్టేవారు. ఎవరైనా ఏదైనా అనొచ్చు. ఓటింగ్‌లో హెడ్మాస్టరే ఓడిపోయిన సందర్భాలూ ఉన్నాయి. పెద్ద కుర్చీలో కూర్చుని ఓడిపోవడానికి ఒప్పుకోవడం చిన్న విషయమా?

అలాగని ఆయన్ని దేవుణ్ని చెయ్యక్కర్లేదు. అబద్ధమాడాడనుకుని ఒక కుర్రాణ్ని దారుణంగా కొట్టారు. తర్వాత వాడు చెప్పింది నిజమేనని తేలింది. ఆర్నాల్డ్ స్కూలందరి ముందూ క్షమాపణ చెప్పారు. కానీ తగిలిన దెబ్బలు వెనక్కి పోవు కదా. సీనియర్లకిచ్చిన అధికారంలోనూ బెత్తం ఉంది. అందరూ దాన్ని న్యాయంగానే వాడారని నేను నమ్మలేను.

మనలాంటి వాళ్లకి మింగుడుపడని సంగతి ఇంకొకటి ఉంది. సైన్సుకి ఆయన చోటివ్వలేదు. సైన్సు సైడు సబ్జెక్టుగా ఒదగదు, ప్రధాన సబ్జెక్టయితే నీతి చదువుని పక్కకి నెట్టేస్తుంది అని ఆయన లెక్క. ఆవిరి యంత్రాలు దేశాన్నే మార్చేస్తున్న రోజుల్లో, అదీ ఇంగ్లండ్‌లో! హెడ్మాస్టర్ ఇష్టాయిష్టాలే స్కూలు సిలబస్ అయిపోతాయనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

1842 జూన్ 12న, 47వ పుట్టినరోజుకి సరిగ్గా ఒక్కరోజు ముందు, గుండె జబ్బుతో చనిపోయారు. ఆయన శిష్యుడు థామస్ హ్యూస్ 1857లో రాసిన టామ్ బ్రౌన్ నవల వల్ల ఆ పేరు ఇంటింటికీ తెలిసింది.

ఆయన దగ్గర పనిచేసిన టీచర్లలో జార్జ్ కాటన్ ఒకరు. తర్వాత ఆయన మార్ల్‌బరో స్కూలుకి హెడ్మాస్టరై, ఆపైన కలకత్తా బిషప్‌గా మన దేశానికొచ్చి, 1859లో సిమ్లాలో బడి పెట్టారు. బెంగళూరులోని బిషప్ కాటన్ స్కూలుకీ ఆయన పేరే. మనం చదివిన బళ్లలో స్కూల్ లీడర్ బ్యాడ్జీ, హౌస్ కెప్టెన్ పదవి ఇంగ్లండ్ నుంచి ఇలాంటి దారుల్లోనే వచ్చాయి. బ్యాడ్జీలైతే భద్రంగా చేరాయి. ఆ బ్యాడ్జీ పెట్టుకునే పిల్లలకి రోజూ పాఠం చెప్పే హెడ్మాస్టర్లు మాత్రం అంతమంది రాలేదనిపిస్తుంది.