కలియుగ భీముడు కోడి రామ్మూర్తి నాయుడు

మన ఫ్లాట్ బుష్ పిల్లలకు పదిహేనేళ్ళు వచ్చేసరికి జిమ్ పిచ్చి పట్టుకుంటోంది. మా అబ్బాయీ అంతే. అక్కడ ఒకాయన పెద్ద బరువు తీసుకుని నాలుగైదు సార్లు ఎత్తితే చాలన్నాడట. ఇంకొకాయన చిన్న బరువుతో ఇరవై సార్లు చెయ్యమన్నాడట. ఊళ్ళో ఉన్న మా నాన్నగారేమో ఫోనులో ఆ ఇనుప ముక్కలేవీ వద్దు, దండీలు బస్కీలు తియ్యమన్నారు. ఎవరి మాట వినాలి నాన్నా అని వాడు అడిగితే నాకు వెంటనే కోడి రామ్మూర్తి నాయుడు గారు గుర్తొచ్చారు. వందేళ్ళ క్రితం ఆయనకూ ఇదే తికమక ఎదురైంది.

పిల్లలూ, రామ్మూర్తి గారు 1880ల తొలి సంవత్సరాల్లో వీరఘట్టంలో పుట్టారు. ఆ ఊరు 2022 వరకు శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. చిన్నప్పుడే తల్లి పోవడంతో విజయనగరంలో పినతండ్రి గారింట పెరిగారు. చదువు మీద కన్నా సాము మీదే ఆయనకు ధ్యాస. ఆ ప్రాంతంలో సంక్రాంతికి సంగిడీలు ఎత్తే పోటీలు పెడతారు. బండరాయిని గుండెల దాకా, ఆపైన భుజం మీదికి ఎత్తాలి. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ కరణం మల్లీశ్వరిదీ ఆ వైపే, ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. 2000లో సిడ్నీలో ఆమె మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చింది.

రామ్మూర్తి గారి రోజుల్లో లోకమంతా శాండో పేరే. యూజిన్ శాండో ప్రష్యాలో పుట్టి లండన్‌లో స్థిరపడిన వస్తాదు. 1902-03లో ఆస్ట్రేలియాతో పాటు మన న్యూజిలాండ్‌కు కూడా వచ్చి ప్రదర్శనలిచ్చాడు. తరవాత 1905 ప్రాంతంలో ఇండియా వెళ్ళాడు. మనం చేతుల్లేని బనియనును శాండో బనియను అంటామే, ఆ శాండో ఈయనే! చిన్న డంబెల్స్‌ను గట్టిగా పట్టుకుని, మనసంతా కండ మీద పెట్టి ఎక్కువసార్లు కదిలించాలని ఆయన పుస్తకాల్లో రాశాడు. మధ్యలో స్ప్రింగులున్న డంబెల్స్ అమ్మాడు కూడా. తాను మాత్రం వేదిక మీద మహా బరువులు ఎత్తేవాడు. ఆయన ఎదిగింది పెద్ద బరువులతోనే. చెప్పేదొకటి, చేసేదొకటి అన్నమాట!

రామ్మూర్తి గారు మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరం తిరిగొచ్చి తాను చదువుకున్న చోటే వ్యాయామ ఉపాధ్యాయుడయ్యారు. పాశ్చాత్య పద్ధతులను చేసి చూశాకే మన దండీలు, బస్కీలు, గోదాలో కుస్తీ, ప్రాణాయామం తనకు సరిపడతాయని నిర్ణయించుకున్నారు. పైగా ఆయన శాకాహారి. మాంసం లేనిదే బలం రాదనే వారికి ఆయన శరీరమే జవాబు. మన జాతి బలహీనమైనదని తెల్లదొరలు తేలిగ్గా మాట్లాడే కాలమది. అందుకే ఆయన ప్రదర్శనలకు జనం అంతగా విరగబడ్డారని నాకనిపిస్తుంది.

తరవాత సొంతంగా సర్కస్ కంపెనీ పెట్టి ఊరూరా తిరిగారు. ఒంటికి ఇనుప గొలుసు బిగించుకుని, ఊపిరి నింపి తెంచేవారు. రెండు చేతులకూ కట్టిన రెండు కార్లు చెరోవైపు లాగుతుంటే కదలనిచ్చేవారు కాదు. రొమ్ము మీద పలక పెట్టించుకుని ఏనుగును ఎక్కించుకునేవారు. పలక బరువును ఛాతీ అంతటా పంచుతుంది, నిజమే. అయినా ఊపిరి బిగబట్టి పక్కటెముకలను గట్టిగా నిలపలేకపోతే పలక ఏం కాపాడుతుంది? పిల్లలూ, ఇది మాత్రం ఇంట్లో తమ్ముడి మీద ప్రయోగించకండి!

లండన్‌లో అయిదో జార్జి చక్రవర్తి ఆయన్ను ఇండియన్ హెర్క్యులస్ అన్నారని చెబుతారు. మనవాళ్ళకు మాత్రం ఆయన కలియుగ భీముడు. సంపాదించినదంతా దానధర్మాలకే పోయింది. చివరి రోజుల్లో కాలికి పుండు లేచి, కాలు తీసేయాల్సి వచ్చింది. మత్తుమందు వద్దని ప్రాణాయామంతోనే ఆ బాధను ఓర్చుకున్నారని మా వైపు పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒరిస్సాలోని బలంగీర్ ప్రాంతంలో 1942 జనవరిలో కన్నుమూశారు.

ఇంతకీ మా వాడి ప్రశ్న మిగిలే ఉంది. జిమ్‌లో ఆ ఇద్దరూ పూర్తిగా తప్పు కాదని ఇప్పటి పరిశోధనలు చెబుతున్నాయి. అలసట వచ్చేదాకా చేస్తే చిన్న బరువుతోనూ కండ పెరుగుతుంది. బలం పెరగాలంటే మాత్రం బరువును నెమ్మదిగా పెంచుకుంటూ పోవాలి. దండీలో ఎత్తే బరువు మన ఒళ్ళే కాబట్టి మా నాన్నగారి మాటా కొట్టెయ్యలేం.

ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు విశాఖ బీచ్ రోడ్డులో రామ్మూర్తి గారి విగ్రహం చూపిస్తానని మా వాడికి మాటిచ్చాను. ప్రస్తుతానికి ఆదివారం పొద్దున్నే బ్యారీ కర్టిస్ పార్కులో దండీలు తీస్తున్నాడు. తాతగారు వీడియో కాల్‌లో లెక్కపెడుతున్నారు. నడుము వంగితే ఆ దండీ ఆయన లెక్కలోకి రాదు.