సవర పలుకులకు చెవి ఒగ్గిన గిడుగు వారు

మనము తెలుగులో నిచ్చెన అనే దానిని మన ఉర్దూ శాఖ మిత్రులు సీఢీ అంటారు. మేడ మెట్లయితే జీనా అంటారు. ఆ మెట్లనే తెలంగాణ పల్లెలలో తాపలు అనడం కద్దు. తాడెక్కే గీతకార్మికునికి మోకు, గుజి, ముస్తాదు అని వేరే మాటలున్నవి. ఎక్కడమనే ఒక్క పని చుట్టూ మనకే ఇన్ని మాటలుంటే, పుట్టింది మొదలు కొండలెక్కే జాతి పలుకులో ఎన్ని ఉండవలె! అట్టి సవర జాతి భాషకు నిఘంటువు కూర్చిన గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారిని ఇక్కడ స్మరింపదలచాము.

వారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతపు పర్వతాలపేటలో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయి, విజయనగరంలో చదువుకొని, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైనారు. ఆ చుట్టుపట్ల కొండలలో సవరలు ఉండేవారు. వారి భాష తెలుగుకు గాని ఒరియాకు గాని చుట్టము కాదు. సంతాలీ, ముండారీల కుటుంబానికి చెందినది. నామపదము క్రియలో ఇమిడిపోయి రెండూ ఒకే మాటగా వినవస్తాయి. గొంతులో తటాలున ఆగే ధ్వనికి మన వర్ణమాలలో అక్షరమే లేదు. అప్పటికి వారికి లిపి లేదు, పుస్తకము లేదు. సవర బాలుడు బడికి వస్తే తనది కాని భాషలో చదువవలసినదే.

తెలుగూ సవరా రెండూ వచ్చిన వ్యక్తిని పంతులు గారు తమ ఇంటనే ఉంచుకొని ఆ భాష నేర్చారు. సవరలో వాచకాలు, కథలు వ్రాసి, సొంత ధనంతో బడులు పెట్టారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపినప్పుడు, ఆ సొమ్ముతో సవర పిల్లలకు బడి పెట్టుమని కోరారట.

అయితే మన్యం ఊరకే పోనిచ్చేది కాదు. అక్కడ తిరుగుతూ జ్వరపడి, కొయినా సేవించి, ఆ మందు ప్రభావం చేత వారు వినికిడి కోల్పోయారు. ధ్వనులను ఏరి కూర్చే పండితునికి చెవులే పోవడం! ఇది వ్రాస్తూ మేము కొంతసేపు కలం ఆపవలసి వచ్చింది. అయినా వారు పని మానలేదు.

వాడుక తెలుగు కోసం వారు చేసిన పోరాటం లోకవిదితమే. ఈ వ్యాసపు పుస్తకాల తెలుగును చూస్తే మమ్ములనూ మందలించేవారేమో.

సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చువేసింది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు, అది సమ్మతింపక పంతులు గారు రాజమహేంద్రవరం తరలివచ్చారు. 1938లో సవర నిఘంటువు వెలువడే నాటికి సవర కొండలు వారికి దూరమైనవి. 1940 జనవరి 22న వారు కన్నుమూశారు.