వెనక్కి తగ్గి కొట్టిన చాప్‌మన్

ఏడు గోల్స్. తిరిగి ఒక్కటి కూడా కొట్టలేదు. 1925 అక్టోబరు 3, శనివారం. ఇంగ్లండ్‌లో ఉత్తరాన ఉన్న న్యూకాజిల్ ఊళ్లో లండన్ జట్టు ఆర్సెనల్ 7-0తో చిత్తయింది. ఆ జట్టు మేనేజర్‌గా హెర్బర్ట్ చాప్‌మన్ వచ్చి అప్పటికి నాలుగు నెలలు మాత్రమే. అంతకుముందు హడర్స్‌ఫీల్డ్ అనే చిన్న ఊరి జట్టును వరుసగా రెండుసార్లు లీగ్ విజేతగా నిలబెట్టి వచ్చిన మనిషి. అలాంటాయనకు ఏడు గోల్స్ దెబ్బంటే మామూలు విషయం కాదు.

సోమవారమే మళ్లీ మ్యాచ్. మధ్యలో ఒక్క రోజు. ఆ ఒక్క రోజులో తీసుకున్న నిర్ణయమే తర్వాత పాతికేళ్లకు పైగా ప్రపంచంలో చాలా జట్లు ఆడిన పద్ధతికి పునాది అయింది.

చాప్‌మన్ 1878 జనవరి 19న షెఫీల్డ్ దగ్గర కీవెటన్ పార్క్ అనే బొగ్గు గనుల ఊళ్లో పుట్టారు. తండ్రి గని కార్మికుడు. కోలారు గోల్డ్‌ఫీల్డ్స్‌లో తరాలుగా బతికిన తెలుగు కుటుంబాలకు ఆ జీవితం ఎలాంటిదో విడమర్చి చెప్పక్కర్లేదు. గనిలోకి దిగితే సాయంత్రం పైకి వచ్చేదాకా ఇంట్లో వాళ్లకు నిద్ర పట్టదు. పిల్లాడు మాత్రం చదువుకున్నాడు. షెఫీల్డ్‌లో గని ఇంజినీరింగ్ చదివి, ఆ పని చేసుకుంటూనే క్లబ్బు నుంచి క్లబ్బుకు మారుతూ ఫుట్‌బాల్ ఆడారు. ఆటగాడిగా గొప్ప పేరేం రాలేదు. ఆయన తమ్ముడు హ్యారీదే పెద్ద పేరు. చాప్‌మన్ గురించి జనం చెప్పుకున్నది ఆయన వేసుకున్న లేత పసుపు రంగు బూట్ల గురించే.

1907లో నార్తాంప్టన్ జట్టుకు ఆడుతూనే మేనేజర్ అయ్యారు. సదరన్ లీగ్‌లో అడుగున కొట్టుకుంటున్న జట్టు అది. అక్కడే ఆయనకో సంగతి తట్టింది. అదేపనిగా దాడి చేస్తూపోతే ఎదుటి జట్టు మొత్తం గోల్ ముందు గుంపుగా చేరుతుంది, దూరడానికి సందే ఉండదు. అదే మనం కాస్త వెనక్కి తగ్గితే వాళ్లు ముందుకొస్తారు. వాళ్ల వెనక ఖాళీ ఏర్పడుతుంది. బంతి చేజిక్కగానే ఆ ఖాళీలోకి దూసుకెళ్లాలి. వినడానికి ఇంతే. ఆ రోజుల్లో వెనక్కి తగ్గడమంటే పిరికితనం కింద లెక్క. అయినా 1909లో నార్తాంప్టన్ సదరన్ లీగ్ గెలిచింది.

నిషేధం దెబ్బ

1912లో లీడ్స్ సిటీకి వెళ్లారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. చాప్‌మన్ ఫిరంగి గుండ్లు తయారుచేసే కర్మాగారంలో మేనేజర్‌గా పనిచేశారు. యుద్ధకాలంలో లీడ్స్ సిటీ ఆటగాళ్లకు అక్రమంగా డబ్బులిచ్చిందని ఆరోపణ వచ్చింది. లెక్కల పుస్తకాలు చూపించమంటే క్లబ్బు చూపించలేదు. 1919 అక్టోబరులో లీగ్ ఆ క్లబ్బునే ఎత్తేసింది. ఆటగాళ్లను ఓ హోటల్లో వేలం వేశారు, సంతలో పశువుల్లాగే. చాప్‌మన్‌పైనా నిషేధం పడింది. నలభై దాటాక, ఫుట్‌బాల్ పోయి ఫ్యాక్టరీ ఉద్యోగంలో చేరితే, కొన్నాళ్లకు అదీ ఊడింది. డబ్బు వ్యవహారం జరిగిన రోజుల్లో ఆయన క్లబ్బులో లేరు, కర్మాగారంలో ఉన్నారని హడర్స్‌ఫీల్డ్ వాదించింది. నిషేధం ఎత్తేశారు. 1921లో అక్కడ మేనేజర్ అయ్యారు. 1922లో ఎఫ్ఏ కప్, 1924, 1925ల్లో లీగ్. గట్టి డిఫెన్స్, మెరుపు ఎదురుదాడి... అదే సూత్రం.

అప్పుడే ఆర్సెనల్ పత్రికలో ప్రకటన వేసింది. మేనేజర్ కావలెను, భారీ సొమ్ము పోసి ఆటగాళ్లను కొనే అలవాటున్నవాళ్లు దరఖాస్తు చేయొద్దు అని అందులో ఉంది. చాప్‌మన్‌కు వచ్చింది ఆ ఉద్యోగమే. ఆ షరతు ఏమైందో తర్వాత చూద్దాం.

మారిన రూలు

న్యూకాజిల్‌లో ఏడు గోల్స్ ఎందుకు పడ్డాయో అర్థం కావాలంటే ఆఫ్‌సైడ్ సంగతి తెలియాలి. పాత రూలు ప్రకారం ముందుకు పాస్ ఇచ్చేటప్పుడు దాన్ని అందుకునేవాడికీ గోల్ గీతకూ మధ్య ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలి. దాంతో ఇద్దరు బ్యాక్‌లలో ఒకడు ఒకడుగు ముందుకు వేస్తే చాలు, దాడికొచ్చినవాడు ఆఫ్‌సైడ్‌లో చిక్కేవాడు. ఆట నీరసించింది, గోల్స్ తగ్గాయి. 1925 వేసవిలో ముగ్గుర్ని ఇద్దరు చేశారు. ఇంకేముంది, వరద. ఇంగ్లండ్ మొదటి డివిజన్‌లో అంతకుముందు సీజన్‌లో 1,192 గోల్స్ పడితే, రూలు మారిన సీజన్‌లో 1,703 పడ్డాయి. పాత పద్ధతిలో వెనక ఇద్దరే. వాళ్ల మధ్య నుంచి ఫార్వర్డ్‌లు కత్తిలా దూసుకొచ్చేవాళ్లు.

ఆర్సెనల్‌లో చార్లీ బుకన్ అనే సీనియర్ ఫార్వర్డ్ ఉండేవాడు. సండర్‌ల్యాండ్ నుంచి విచిత్రమైన బేరంతో వచ్చినవాడు. రెండు వేల పౌండ్లు, ఆ పైన మొదటి సీజన్‌లో కొట్టే ప్రతి గోల్‌కూ వంద పౌండ్లు. ఇరవై ఒక్కటి కొట్టాడు. ఈ బుకన్ సీజన్ మొదటి నుంచీ ఒకటే పోరు. మధ్యలో ఆడే సెంటర్ హాఫ్‌ను ఇద్దరు బ్యాక్‌ల మధ్యకు దించాలని. న్యూకాజిల్ జట్టు తమ సెంటర్ హాఫ్‌ను అలాగే వెనక నిలబెట్టి గెలిచింది కూడా. ఓటమి తర్వాత జరిగిన చర్చలో చాప్‌మన్ ఆ మాటకు తలొగ్గారు. మేనేజర్ మాటే వేదమనుకునే రోజుల్లో ఆటగాడి సలహా వినడం చిన్న విషయం కాదు.

కానీ చిక్కొకటి. సెంటర్ హాఫ్ వెనక్కెళితే మైదానం మధ్యలో బంతి అందించేదెవరు? ఆ పని తనే చేస్తానన్నాడు బుకన్. గోల్స్ కొట్టేవాణ్ని వదులుకోలేనని చాప్‌మన్ ఒప్పుకోలేదు. మూడో జట్టులో ఆడుతున్న ఆండీ నీల్‌ను తీసుకొచ్చారు. వేగం లేదు. కాని బంతి కాలికి అంటుకున్నట్టు ఉంటుంది, పాస్ గురి తప్పదు. సెంటర్ హాఫ్ జాక్ బట్లర్ వెనక్కి వెళ్లాడు. సోమవారం వెస్ట్‌హామ్‌పై వాళ్ల మైదానంలోనే ఆర్సెనల్ 4-0తో గెలిచింది. సీజన్ చివరికి రెండో స్థానం. మొదటి స్థానం ఎవరిదంటే, చాప్‌మన్ వదిలొచ్చిన హడర్స్‌ఫీల్డ్‌దే!

ఈ మార్పు ఒక్కరోజులో పుట్టినా పండటానికి అయిదేళ్లు పట్టింది. సరైన మనుషులు దొరకాలి కదా. 1926లో ఓస్‌వెస్ట్రీ అనే చిన్న క్లబ్బు నుంచి రెండొందల పౌండ్లకు హెర్బీ రాబర్ట్స్‌ను తెచ్చారు. ఎర్ర జుట్టు, పొడుగు మనిషి. అతని పని ఒక్కటే, ఎదుటి సెంటర్ ఫార్వర్డ్‌ను అంటిపెట్టుకుని ఉండటం. ముందుకు పోకూడదు, విన్యాసాలు చేయకూడదు. బయటి మైదానాల్లో ప్రేక్షకులు అతణ్ని తిట్టని తిట్టు లేదు. ఇద్దరు బ్యాక్‌లు పక్కలకు జరిగి ఎదుటి వింగర్లను పట్టారు. వాళ్ల ముందు ఇద్దరు హాఫ్ బ్యాక్‌లు. వాళ్లపైన వెనక్కి దిగిన ఇద్దరు ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌లు. కొసన ముగ్గురు. పై నుంచి చూస్తే ముందు డబ్ల్యూ, వెనక ఎం అక్షరాల్లా కనిపిస్తుంది. అదే డబ్ల్యూఎం.

1928లో బోల్టన్ నుంచి డేవిడ్ జాక్‌ను 10,890 పౌండ్లకు కొన్నారు. పది వేలు దాటిన మొదటి కొనుగోలు అది. ప్రకటనలో షరతు అలా గాలికి పోయింది. ఆ బేరం రోజున హోటల్ వెయిటర్‌కు ముందే చెప్పి బోల్టన్ వాళ్లకు మందు రెట్టింపు పోయించి, తన గ్లాసులో మాత్రం మందే లేకుండా చూసుకున్నారని ఓ కథ ఉంది. 1929లో ప్రెస్టన్ నుంచి అలెక్స్ జేమ్స్ వచ్చాడు. పొట్టివాడు, సంచుల్లాంటి నిక్కరు. గోల్స్ కొట్టడం మానేసి వెనక నుంచి బంతులు పంపమంటే మొదట్లో మొండికేశాడు. కుదురుకోవడానికి కొన్ని నెలలు పట్టింది. ఆ తర్వాత అతని పాస్ అందుకుని కుడివైపు జో హ్యూమ్, ఎడమవైపు క్లిఫ్ బాస్టిన్ పరుగెత్తుతుంటే ఎదుటివాళ్లు తేరుకునేలోపే గోల్ అయిపోయేది. బాస్టిన్ వింగర్‌గా ఉండి 1932-33 సీజన్ లీగ్‌లో 33 గోల్స్ కొట్టాడు.

1930లో ఎఫ్ఏ కప్ ఫైనల్. ఓడింది హడర్స్‌ఫీల్డ్. 1931లో 66 పాయింట్లు, 127 గోల్స్‌తో మొదటి లీగ్ టైటిల్. డిఫెన్స్ జట్టు అని ముద్రపడ్డ జట్టు లెక్క ఇది. అయినా అదృష్టం జట్టు అని పేరు పెట్టారు. తొంభై నిమిషాల్లో ఎనభై నిమిషాలు అవతలివాళ్లు దాడి చేస్తే, చివరికి వీళ్లు గెలవడం జనానికి మింగుడు పడలేదు.

ఆయనలో కాఠిన్యమూ తక్కువేం కాదు. 1933 జనవరి 14న చాలా కిందిస్థాయి జట్టు వాల్సాల్ చేతిలో కప్ మ్యాచ్‌లో 2-0తో ఓడారు. ఫ్లూతో కొందరు లేకపోతే రిజర్వు ఆటగాళ్లను దించింది చాప్‌మనే. పెనాల్టీ ఇచ్చిన టామీ బ్లాక్‌ను మాత్రం హైబరీ మైదానంలో మళ్లీ అడుగు పెట్టనివ్వకుండా వారం తిరగకముందే ప్లిమత్‌కు అమ్మేశారు. తప్పులో తన వాటా ఎంతో లెక్కేసుకున్నట్టు లేదు.

శుక్రవారం వస్తే బల్లమీద మైదానం బొమ్మ పెట్టి ఆటగాళ్లతో చర్చ. ప్రతివాడూ మాట్లాడాలి. చొక్కాలకు నంబర్లు, రాత్రి మ్యాచ్‌లకు లైట్లు కావాలని అధికారులతో కొట్లాడారు. మైదానం పక్కన ఉన్న గిలెస్పీ రోడ్ రైల్వే స్టేషన్‌కు 1932లో ఆర్సెనల్ అని పేరు మార్పించారు.

మన దగ్గరికి ఈ మూడో బ్యాక్ ఆలస్యంగా చేరింది. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడే నాటికి భారత్ ఇంకా ఇద్దరు బ్యాక్‌లతోనే ఆడేది. ఆ దెబ్బ తర్వాత హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం జట్టును ముగ్గురు బ్యాక్‌ల పద్ధతికి తెచ్చారు. 1956 మెల్‌బోర్న్‌లో మనవాళ్లు నాలుగో స్థానంలో నిలిచారు.

చాప్‌మన్ అది చూడలేదు. 1933లో రెండో లీగ్ టైటిల్ గెలిచి, తర్వాతి సీజన్‌లోనూ జట్టు పైనే ఉండగా, 1934 కొత్త సంవత్సరం రోజున బరీలో ఓ మ్యాచ్ చూశారు. మర్నాడు, రాబోయే ప్రత్యర్థి ఎలా ఆడుతోందో చూద్దామని షెఫీల్డ్ వెళ్లారు. జలుబుతో తిరిగొచ్చారు. డాక్టర్ వద్దన్నా వినకుండా మూడో జట్టు ఆట చూడ్డానికి గిల్డ్‌ఫర్డ్ వెళ్లారు. న్యుమోనియా పట్టింది. జనవరి 6 తెల్లవారకముందే పోయారు. యాభై అయిదేళ్లు.

ఆ రోజు మధ్యాహ్నం హైబరీలో షెఫీల్డ్ వెడ్నెస్‌డేతో మ్యాచ్. మైదానానికి వస్తున్న ఆటగాళ్లలో కొందరికి దారిలో పత్రికల బోర్డులు చూశాకే విషయం తెలిసింది. ఆడారు. 1-1తో డ్రా అయింది. ఆ సీజన్, ఆ తర్వాతి సీజన్ కూడా లీగ్ ఆర్సెనల్‌దే. స్టాపర్ రాబర్ట్స్ రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో ఉండగా 1944లో జబ్బు చేసి చనిపోయాడు. చాప్‌మన్ సమాధి హెండన్‌లో సెయింట్ మేరీ చర్చి ఆవరణలో ఉంది. అదే పేటలో ఆయన ఉన్న ఇంటికి 2005లో నీలం రంగు స్మారక ఫలకం పెట్టారు.