ఇంటి విద్యను ఊరి విద్యగా మార్చిన హకీం

వైద్యుల ఇంట పుట్టినవాడు వైద్యుడైతే అందులో పెద్ద విశేషం లేదు. ఆ ఇంటి గుమ్మం దాటని విద్యను నలుగురి పిల్లలకూ పంచిపెట్టాలని పూనుకున్నవారు మాత్రం అరుదు. నూరేళ్ల క్రితం ఢిల్లీలో ఆ పని చేసి చూపిన మహనీయులు హకీం అజ్మల్ ఖాన్. ఆయన పేరు వినగానే మనకు ఖిలాఫత్ ఉద్యమం, జాతీయ కాంగ్రెస్ అధ్యక్ష పదవి గుర్తుకొస్తాయి. అయితే రాజకీయాల్లోకి రాకముందు నుంచి కన్నుమూసేదాకా ఆయన వదలకుండా పట్టుకున్న పని మరొకటి ఉంది. వైద్యం నేర్చుకోవాలనుకునే యువతీయువకులకు కూర్చునేందుకు చోటు, చెప్పే గురువు, చూసేందుకు రోగి ఉండేలా ఏర్పాటు చేయడమే ఆ పని. ఈ వారం ఆయన జీవితంలోని ఆ భాగాన్ని పాఠకుల ముందుంచుతున్నాం.

అజ్మల్ ఖాన్ 1868 ఫిబ్రవరి 11న ఢిల్లీలో జన్మించారు. మొగల్ చక్రవర్తుల కాలం నుంచి పేరుమోసిన హకీంల కుటుంబం వారిది. ఆయన పూర్వులలో ఒకరైన హకీం షరీఫ్ ఖాన్ షా ఆలం చక్రవర్తి కాలంలో ఆస్థాన వైద్యులు. ఆయన పేరిటే బల్లీమారాన్ పేటలోని ఆ ఇంటిని షరీఫ్ మంజిల్ అంటారు. అజ్మల్ ఖాన్ బాల్యంలోనే ఖురాన్ కంఠస్థం చేసి హాఫిజ్ అయ్యారు. అరబీ, ఫార్సీ భాషల్లో పాండిత్యం సంపాదించారు. ఆ తరువాత తండ్రిగారి వద్ద, అన్నల వద్ద యునానీ వైద్యం నేర్చుకున్నారు.

ఆ రోజుల్లో హకీం కావాలంటే మార్గం ఒక్కటే. పేరున్న హకీం పక్కన కుర్రవాడు ఏళ్ల తరబడి కూర్చోవాలి. గురువు నాడి పట్టి చూస్తుంటే గమనించాలి, ఆయన చెప్పిన నుస్ఖా రాసుకోవాలి, మందులు నూరాలి. అలా నేర్చిన విద్య గట్టిదే. కాని ఒక గురువు వద్ద ఎంతమంది కూర్చోగలరు? పైగా కొన్ని మందుల గుట్టు కుటుంబం దాటేది కాదు. 1857 తరువాత మొగల్ దర్బారు అంతరించింది, దానితోపాటు హకీంలను పోషించిన కొలువులూ చాలావరకు పోయాయి. మరోవైపు ప్రభుత్వం తెరిచిన ఇంగ్లీషు వైద్య కళాశాలలకు ఇంగ్లీషు చదువు, ధనం రెండూ కావాలి. ఊళ్లలోని సామాన్య జనం మాత్రం జబ్బు చేస్తే హకీం గడపో, వైద్యుని గడపో తొక్కేవారు. ఆ గడపల్లో కూర్చోవలసిన కొత్త తరం తయారు కావడం లేదు.

ఈ లోటును ముందుగా గ్రహించింది ఆయన పెద్దన్న హకీం అబ్దుల్ మజీద్ ఖాన్. ఆయన 1880ల దశకంలో ఢిల్లీలో మదర్సా తిబ్బియా స్థాపించారు. ఇంట్లో ఒకరిద్దరికి చెప్పే విద్యను తరగతి గదికి తెచ్చారు. అప్పటికి అజ్మల్ ఖాన్ ఇంకా పిన్నవయస్కులు. 1892లో ఆయన రాంపూర్ నవాబుగారి ఆస్థాన ప్రధాన వైద్యులుగా వెళ్లి సుమారు పదేళ్లు అక్కడ గడిపారు. ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల్లో ఇద్దరు అన్నలూ ఒకరి తరువాత ఒకరు మరణించడంతో మదర్సా భారం ఆయన భుజాలపై పడింది.

అప్పటికే ఆయన కీర్తి దేశమంతటా పాకింది. రాజులు, నవాబులు కబురు పంపేవారు. అలా ఢిల్లీ దాటి వెళితే రోజుకు వేయి రూపాయలు తీసుకునేవారని ప్రసిద్ధి. ఢిల్లీలో తన వద్దకు వచ్చే రోగుల నుంచి మాత్రం రుసుము తీసుకునేవారు కారు. హాయిగా బతకడానికి ఆ రాబడి చాలు. కాని ఆయన ముందున్న ప్రశ్న వేరు. ఒక్క హకీం రోజంతా కూర్చున్నా ఎందరిని చూడగలడు? ఆయన పోయాక ఆ రోగుల గతేమిటి?

విద్యార్థుల సంఖ్య పెంచుతామని ప్రకటించడం తేలిక. పెంచి నిలబెట్టాలంటే మూడు కావాలి. నేర్పే గురువులు కావాలి, నేర్చుకోవడానికి రోగులున్న ఆసుపత్రి కావాలి, ఏటేటా ఆగకుండా వచ్చే డబ్బు కావాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా పెరిగేది పేర్ల జాబితాయే, వైద్యులు కారు. హకీం సాహెబ్ మూడింటినీ పట్టించుకున్నారు. చందాలపైనే ఆధారపడితే చందాలు ఆగిన రోజున బడి ఆగుతుంది. అందుకని ఆయన హిందుస్తానీ దవాఖానా అనే ఔషధశాలను నెలకొల్పారు. అక్కడ యునానీ మందులతోపాటు ఆయుర్వేద మందులు కూడా తయారుచేసి అమ్మేవారు. ఆ రాబడిని విద్యాలయానికి మళ్లించారు. తరతరాలుగా ఇంట్లో దాచుకున్న విద్య ఆ విధంగా పరాయి పిల్లల చదువుకు పెట్టుబడి అయింది.

ఆయన వేసిన మరో అడుగు 1909 నాటిది. ఘోషాలో ఉండే స్త్రీలు పరాయి పురుషునికి నాడి చూపించుకోవడానికి కూడా సంకోచించేవారు. ప్రసవమంటే మంత్రసానే దిక్కు. ఆమెకు అనుభవమే తప్ప చదువు లేదు. శుభ్రత తెలియక, ఆపద గుర్తించలేక తల్లీబిడ్డలు కన్నుమూసిన ఇళ్లు అన్ని మతాలవారిలోనూ ఉండేవి. మంత్రసానులను నిందిస్తే ఫలితం లేదని, వారికి శిక్షణ ఇవ్వాలని హకీం సాహెబ్ భావించారు. ఆ ఏడాది ఢిల్లీలో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా తిబ్బియా పాఠశాలను, దానికి అనుబంధంగా ఆసుపత్రిని ప్రారంభించారు. ఆడపిల్ల అక్షరం నేర్చుకోవడమే తప్పని చాలామంది అనుకునే కాలంలో, ఆడపిల్లలకు వైద్య విద్య చెప్పించారు.

1911లో ఆయన ఐరోపా ప్రయాణం చేశారు. అక్కడి ఆసుపత్రులను, వైద్య విద్యాలయాలను శ్రద్ధగా చూశారు. లండన్ చేరింగ్ క్రాస్ ఆసుపత్రిలో పనిచేస్తున్న డాక్టర్ ఎం.ఏ. అన్సారీతో ఆయన స్నేహం ఆ ప్రయాణంలోనే మొదలై జీవితాంతం సాగింది. ఒకరు హకీం, ఒకరు సర్జన్. మార్గాలు వేరైనా ఇద్దరూ ఒకరినొకరు గౌరవించుకున్నారు. తిరిగివచ్చాక హకీం సాహెబ్ తన విద్యాలయ పాఠ్యక్రమంలో శరీర నిర్మాణ శాస్త్రానికి, శస్త్రచికిత్సకు చోటిచ్చారు. పాత గ్రంథాలు తప్ప మరేదీ ముట్టకూడదన్న హకీంలు దీనిని ఆక్షేపించారు. మంచి విద్య ఎక్కడున్నా తెచ్చుకోవాలన్నదే ఆయన పట్టుదల.

ఆ రోజుల్లోనే మరో చిక్కు ఎదురైంది. 1912లో బొంబాయి ప్రభుత్వం వైద్యుల రిజిస్ట్రేషన్ చట్టం చేసింది. పాశ్చాత్య వైద్యం చదివినవారికే అందులో గుర్తింపు. హకీంలు, ఆయుర్వేద వైద్యులు ఇద్దరూ దానివల్ల నష్టపోయేవారే. అజ్మల్ ఖాన్ ఇరుపక్షాలనూ ఒక వేదికపైకి తెచ్చారు. గుర్తింపు కోరాలంటే మన చదువు గుర్తింపుకు తగినట్లుండాలని ఆయనకు తెలుసు. అందుకే ఢిల్లీ కరోల్ బాగ్‌లో పెద్ద కళాశాలకు పూనుకున్నారు. దాని పేరే ఆయుర్వేదిక్, యునానీ తిబ్బియా కళాశాల. 1916 మార్చి 29న వైస్రాయ్ లార్డ్ హార్డింజ్ శంకుస్థాపన చేశారు. ఒకే ఆవరణలో హిందూ, ముస్లిం విద్యార్థులు పక్కపక్కనే వైద్యం నేర్చే ఏర్పాటు అది.

భవనాలు లేచేసరికి దేశం మారిపోయింది. 1920లో హకీం సాహెబ్ ప్రభుత్వమిచ్చిన హాజిఖుల్ ముల్క్ బిరుదును తిరిగి ఇచ్చేశారు. ప్రజలు ఆయనకు మసీహుల్ ముల్క్ అని తామే బిరుదు పెట్టుకున్నారు. 1921 ఫిబ్రవరి 13న కళాశాలను మహాత్మా గాంధీ ప్రారంభించారు. సహాయ నిరాకరణ ఉద్యమం ముమ్మరంగా సాగుతున్న ఆ వేళ కూడా, శంకుస్థాపన చేసిన వైస్రాయ్ దంపతుల చిత్రపటాలను గాంధీజీ చేతనే ఆవిష్కరింపజేశారు. రాజకీయంగా విభేదించినా చేసిన మేలు మరవరాదన్న సంస్కారం అందులో కనిపిస్తుంది. ఆ సభలోనే గాంధీజీ హకీంలకు, వైద్యులకు ఒక చేదు మాట కూడా చెప్పారు. పాశ్చాత్య శాస్త్రవేత్తల పరిశోధనా దృష్టి మనవారిలో లేదన్నది దాని సారాంశం. ఆ లోటు తీర్చడానికే హకీం సాహెబ్ తరువాతి కాలంలో జర్మనీలో రసాయన శాస్త్రం చదువుతున్న సలీముజ్జమాన్ సిద్దిఖీ అనే యువకుడిని కళాశాల పరిశోధన కోసం ఎంచుకున్నారు.

1920లో అలీగఢ్‌లో పుట్టిన జామియా మిల్లియా ఇస్లామియాకు మొదటి కులపతి కూడా ఆయనే. ఖిలాఫత్ ఉద్యమం చల్లారి నిధులు ఆగిపోయినప్పుడు జామియా మూతపడుతుందేమోనని అందరూ భయపడ్డారు. హకీం సాహెబ్ 1925లో దానిని ఢిల్లీకి, తన కళాశాల ఉన్న కరోల్ బాగ్‌కే తరలించి ఆదుకున్నారు. ఆ భారం మోస్తూనే 1927 డిసెంబర్ చివరి రోజుల్లో రాంపూర్‌లో కన్నుమూశారు. ఆయన వయసు అప్పటికి అరవై లోపే. మూడు నాలుగేళ్ల తరువాత సిద్దిఖీ సర్పగంధి వేళ్ల నుంచి ఒక ఔషధ ద్రవ్యాన్ని వేరుచేసి, గురుతుల్యుడైన హకీం సాహెబ్ పేరిట దానికి అజ్మలీన్ అని పేరు పెట్టారు. గుండె లయకు సంబంధించిన కొన్ని జబ్బుల పరీక్షలో వైద్యులు నేటికీ దానిని వాడుతున్నారు.

ఇక మన సంగతి చూద్దాం. కరోల్ బాగ్ కళాశాల నేటికీ నడుస్తోంది. మన హైదరాబాద్‌లో చార్మినార్ పక్కన నిజామియా తిబ్బీ కళాశాల, కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ యునానీ వైద్య కళాశాల ఉన్నాయి. వీటిలో సీటు కావాలన్నా నేడు నీట్ పరీక్ష రాయవలసిందే. డాక్టర్లు, నర్సులు, మంత్రసానుల కొరత మాత్రం ప్రపంచమంతటా ఉంది. 2030 నాటికి సుమారు కోటిమంది ఆరోగ్య సిబ్బంది తక్కువవుతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 2023లో కేంద్ర ప్రభుత్వం 157 కొత్త నర్సింగ్ కళాశాలలకు ఆమోదం తెలిపింది. ఏటా సుమారు 15,700 మంది నర్సులు తయారు కావాలన్నది లక్ష్యం. వాటిని విడిగా కాకుండా వైద్య కళాశాలల ఆవరణల్లోనే నెలకొల్పాలని నిర్ణయించారు. నేర్చుకునేవారికి ఆసుపత్రి పక్కనే ఉండాలన్న హకీం సాహెబ్ సూత్రం ఇక్కడా వర్తించింది.

ప్రభుత్వం సీట్లు పెంచినా వాటిలో కూర్చోవలసినవారు మన ఇళ్ల నుంచే వెళ్లాలి. నర్సు చదువంటే ముఖం చిట్లించే తల్లిదండ్రులు మనలో ఇప్పటికీ ఉన్నారు. మన కోడలి ప్రసవానికి మాత్రం లేడీ డాక్టరే కావాలంటాం, మంచి నర్సే ఉండాలంటాం. ఆ డాక్టరూ, ఆ నర్సూ ఎవరి ఇంటి ఆడపిల్లలో మనం ఆలోచించాలి. ఇంటర్ పూర్తిచేసిన మన అమ్మాయి దరఖాస్తు ఫారం తెచ్చి ముందు పెట్టినప్పుడు, 1909లో జనానా పాఠశాల తెరిచిన ఆ హకీంను ఒకసారి తలచుకుని సంతకం చేద్దాం.